బర్జిల్లయి నిలిచెను, యాకోబు వెళ్లెను

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 19:31-39, ఆదికాండము 45:25 నుండి 46:7 వరకు



మైపాడు మొదలుకొని రామాయపట్నము వరకు మన సముద్రపు ఒడ్డు పల్లెలలో ఈ దినములలో ఒక ప్రశ్న ఇంటింట వినబడుచున్నది. పిల్లలలో ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాదులో ఉన్నారు. కూతురు కువైట్టులో ఉన్నది. ఇంట మిగిలినది తల్లి ఒక్కతె, లేక ముసలి దంపతులిద్దరు. "అమ్మను వృద్ధాశ్రమమునకు పంపుదమా?" అని పిల్లలు ఫోనులో మాటలాడుకొనుచున్నారు. "నేను పోవలెనా, మానవలెనా?" అని తల్లి రాత్రి మంచము మీద తలంచుకొనుచున్నది. ఈ రెండు ప్రశ్నలును ఒకటేయని మనము అనుకొందుము. వాటి మధ్య చాల దూరమున్నది. ఆ దూరమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

మన తాతల కాలములో ఈ ప్రశ్న ఇంత పెద్దది కాలేదు. వారు మనకంటె మంచివారు గనుక కాలేదని చెప్పుట సులభమే గాని అది పూర్తి సత్యము కాదు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో మనుష్యుని సగటు ఆయుష్షు సుమారు 32 ఏండ్లు. పసితనములోనే కన్నుమూసిన బిడ్డల లెక్కయు అందులో చేరియున్నది. అయినను ముసలితనము చూచినవారు ఆనాడు కొద్దిమందియే. ఇప్పుడు సగటు ఆయుష్షు 70 ఏండ్లకు చేరినది. 2011 జనాభా లెక్కలలో 60 ఏండ్లు నిండినవారు దేశమంతటను 10 కోట్ల 38 లక్షలమంది. వారిలో 7 కోట్లకు పైగా పల్లెలలో ఉన్నవారే. దీర్ఘాయువు దేవుని దీవెనయని మనము చదువుచున్నాము. ఆ దీవెన ఇప్పుడు వేలాది ఇండ్లకు వచ్చినది. దానిని ఏ గదిలో ఉంచవలెనో తెలియక ఇంటివారు చూచుచున్నారు.

పిల్లలు ఊరు విడిచిపోవుటకును కారణములు కలవు. తండ్రి నాట్లు వేసిన పొలములోనే కొడుకును నాట్లు వేసి బ్రదికిన దినములు పోయినవి. 1990 తరువాత మన తీరములో అనేక వరిపొలములు రొయ్యల గుంటలాయెను. వరికి కావలసినంతమంది కూలివాండ్రు రొయ్యల గుంటకు అక్కరలేదు. చదివిన పిల్లలు పట్టణమునకు, చదువని పిల్లలు గల్ఫు దేశములకు పోయిరి. నెల్లూరు, కడప, గోదావరి జిల్లాలనుండి ఎందరో స్త్రీలు కువైట్టులో ఇంటిపనికి కుదిరియున్నారు. అట్టి కుమార్తె ఒకతె అక్కడ పరుల తల్లికి నీళ్లుపోసి, తలదువ్వి, వేళకు మందులిచ్చుచున్నది. ఆ జీతముతో ఇక్కడ తన తల్లికి మందులు కొనుచున్నది. తన చేతితో నీళ్లుపోయుటకు మాత్రము ఆమెకు వీలులేదు. ఆమెను నిందించువాడు ముందుగా ఆమె అప్పుల చీటీని చదువవలెను.

ఇక ఊరిలో రెండు మాటలు వినుచున్నాము. మొదటి మాట: "కొడుకులుండగా తల్లి ఆశ్రమము పాలగుట పరువు తక్కువ, తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞను మీరుట." రెండవ మాట: "ఇంట పడి అలమటించుటకంటె వేళకు అన్నము, నర్సు, పక్కన మాట్లాడు మనిషి ఉన్నచోట ఉండుట మేలు గదా, ఇందులో పాపమేమి?" ఈ రెండింటిలోను సత్యమున్నది. రెండును ఒక పొరబాటు చేయుచున్నవి. రెండును ఇంటికప్పును గూర్చియే వాదించుచున్నవి. ఆ కప్పుక్రింద కూర్చుండబోవు మనిషి నోరు విప్పకముందే తీర్పు చెప్పుచున్నవి.

పరిశుద్ధ గ్రంథములో ఇద్దరు వృద్ధులున్నారు. ఇద్దరికిని ఒకే విధమైన పిలుపు వచ్చెను. "నీ ఇల్లు విడిచి నా యొద్దకు రమ్ము, నేను నిన్ను పోషించెదను" అన్నదే ఆ పిలుపు యొక్క సారాంశము. ఒకడు వెళ్లలేదు. ఒకడు వెళ్లెను. గ్రంథము ఇద్దరిలో ఎవనిని తప్పుపట్టలేదు.

మొదటివాడు బర్జిల్లయి. దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోయి మహనయీములో ఉన్న దినములలో ఈ రోగెలీము ఊరివాడు అతనికి ఆహారమిచ్చి ఆదుకొనెను. రాజ్యము మరల దావీదునకు దక్కినప్పుడు రాజు ఆ మేలు మరువలేదు. తనతో యెరూషలేమునకు రమ్మని, తన యొద్దనే ఉంచుకొని పోషింతునని పిలిచెను. ఇంతకంటె మంచి నివాసమును ఎవరు చూపగలరు? రాజనగరు, రాజు బల్ల, రాజు మాట! అయినను 80 ఏండ్ల ఆ వృద్ధుడు వద్దనెను. తిన్న వస్తువుల రుచి తెలియుట లేదనెను. పాటలు చెవికి సరిగా వినబడుట లేదనెను. రాజునకు తాను భారమెందుకు కావలెననెను. తన ఊరిలో, తన తలిదండ్రుల సమాధి యొద్ద చనిపోవుటయే తనకు చాలుననెను. రాజు ఏమి చేసెను? బలవంతము చేయలేదు. చిన్నబుచ్చుకొనలేదు. అతనిని ముద్దుపెట్టుకొని దీవించి ఇంటికి పంపెను. పెద్దవాని "వద్దు" అను మాటను రాజైనవాడు కూడ గౌరవించెను.

బర్జిల్లయి కథలో మరియొక సంగతి కలదు. దానిని మనము తరచుగా విడిచిపెట్టుదుము. తాను వెళ్లలేదు గాని, కింహాము అను యౌవనస్థుని రాజుతోకూడ పంపెను. నేను ఇక్కడ ఉన్నాను గనుక నీవును ఇక్కడనే ఉండవలెనని అతనిని కట్టివేయలేదు. తాను నిలిచెను, చిన్నవానిని విడిచిపెట్టెను. ఊరు విడువనని చెప్పు ప్రతి తల్లియు తండ్రియు ఈ రెండవ సగమును కూడ చదువవలెను. నేను ఇల్లు కదలను, నీ ఉద్యోగము మాని వచ్చి నా యొద్ద కూర్చుండుము అని చెప్పినయెడల అది బర్జిల్లయి మాట కాదు.

రెండవవాడు యాకోబు. కనాను దేశమున కరవు. చనిపోయెననుకొన్న యోసేపు ఐగుప్తులో బ్రదికి అధికారిగా ఉన్నాడని కుమారులు వచ్చి చెప్పిరి. ముసలివాడు మొదట నమ్మలేదు; తన్ను తీసికొనిపోవుటకు వచ్చిన బండ్లను చూచిన తరువాత అతని ప్రాణము తెప్పరిల్లెను. చావకముందు వెళ్లి కుమారుని చూచెదనని తన నోటనే చెప్పెను. అయినను మార్గములో బెయేర్షెబా యొద్ద ఆగి బలులు అర్పించెను. ఐగుప్తునకు వెళ్లుటకు భయపడవద్దని ఆ రాత్రి దేవుడు అతనికి సెలవిచ్చెనని వ్రాయబడినది. భయము లేనివానికి ఆ మాట ఎందుకు? యాకోబునకు భయము కలదు. 130 ఏండ్ల వయస్సున పరదేశమునకు, పరభాషవారి మధ్యకు పోవు మనిషికి భయముండదా? ఆశ్రమము గేటు ముందు ఆటో దిగిన ముసలితల్లి కాళ్లు వణకినయెడల ఆమెకు విశ్వాసము తక్కువయని చెప్పకుడి.

యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరములు బ్రదికెను. చావు దగ్గరపడినప్పుడు యోసేపును పిలిచి ప్రమాణము చేయించుకొనెను: తనను ఐగుప్తులో పాతిపెట్టక, తన పితరుల సమాధిలో ఉంచవలెనని. యోసేపు ఆ మాట నెరవేర్చెను. ఇల్లు విడిచినను అతడు తన ఊరిని విడువలేదు. తాను ఎవరివాడో మరువలేదు, ఇతరులను మరువనియ్యలేదు.

ఇప్పుడు ఈ ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలుపుదము. ఒకడు నిలిచెను, ఒకడు వెళ్లెను. ఇద్దరికిని సమానముగా ఉన్నదేమి? పిలిచినవారు వారిని అడిగిరి. జవాబు వారిదే. బర్జిల్లయిని ఎవరును ఈడ్చుకొనిపోలేదు; యాకోబును ఎవరును బండిలో వేసికొనిపోలేదు. కాబట్టి ఇంటనుండుట ధర్మమా, ఆశ్రమమునకు పోవుట ధర్మమా అని అడుగుటకంటె, ఈ మనిషి వెళ్లుచున్నదా, పంపివేయబడుచున్నదా అని అడుగుట మేలు. ఒకే ఆశ్రమములో ప్రక్కప్రక్క మంచములమీద ఇద్దరు తల్లులుండవచ్చును. ఒకతె వెళ్లినది, ఒకతె పంపివేయబడినది. అన్నము ఒకటే, మంచము ఒకటే. ఆజ్ఞ ఒక చోట నిలిచినది, మరియొక చోట విరిగినది.

ఈ మాట ఇంటికిని వర్తించును. తల్లిని ఇంటనే ఉంచుకొన్నామని చెప్పుకొను కొన్ని ఇండ్లను చూడుడి. ముగ్గురు కొడుకులు వంతులు వేసికొందురు: పెద్దవాని యింట నాలుగు నెలలు, నడిపివాని యింట నాలుగు, చిన్నవాని యింట నాలుగు. వంతు తీరిన దినమున సంచి చేతికిచ్చి బస్సు ఎక్కింతురు. కొన్ని చోట్ల తండ్రి ఒకని యింట, తల్లి ఒకని యింట. యాభై ఏండ్లు ఒకే కంచము వద్ద కూర్చున్నవారు పండుగకు మాత్రము ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ఊరిలో పరువు నిలిచినది, ఎవరును ఆశ్రమమునకు పోలేదు. అయినను ఆ వృద్ధులిద్దరును సంవత్సరమునకు మూడుసార్లు పంపివేయబడుచున్నారు.

ఇంకొక సంగతి. సన్మానింపుమను ఆజ్ఞను ఎవరి చేతులు నెరవేర్చుచున్నవి? కొడుకు పేరు వచ్చును. పక్కబట్టలు మార్చునది, రాత్రి రెండు గంటలకు లేచునది కోడలు. ఆమెయు రొయ్యల కంపెనీలో పనికి పోయి వచ్చినదే. కొడుకు పరువుకొరకు కోడలి నడుము విరుగగొట్టుట సన్మానము కాదు. తలిదండ్రులకు ఇయ్యవలసినది దేవునికి కానుకగా అర్పితమైనదని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). తన బాధ్యతను భార్యమీద వేసి తప్పించుకొనువాడును ఆ గద్దింపు వినవలెను. ఇంటనే ఉంచుకొందుమని నిశ్చయించువారు, "ఎవరి చేతులతో?" అను ప్రశ్నకు జవాబు చెప్పి నిశ్చయింపవలెను.

పెద్దలను అడుగవలెనంటిమి. అడుగుట అంత సులభమా? మన తల్లుల భాష మనకు తెలియును. "నీవు పోదువా అమ్మా?" అని అడిగినయెడల "మీ ఇష్టం నాయనా" అని చెప్పును. ఈ మూడు మాటలకు ఒప్పుకొన్నానని అర్థము లేదు. నేను మీకు బరువైతినని తెలిసికొన్నానని అర్థము. పిల్లలముందు కంటతడి పెట్టకుండుటకు మన స్త్రీలు నేర్చుకొన్న మాట అది. కాబట్టి "మీ ఇష్టం" అన్న జవాబు వచ్చినప్పుడు ఆమె ఇంకను జవాబు చెప్పలేదని గ్రహించి, మరల అడుగవలెను. ఆస్తిలో భాగములేని ఒకరిచేత అడిగింపవలెను: ఆమె చెల్లెలు కావచ్చును, స్త్రీల సమాజములోని స్నేహితురాలు కావచ్చును, పాస్టరుగారి భార్య కావచ్చును. ఆమె మనస్సు అక్కడ బయటపడును.

అడిగిన తరువాత చూచిరావలెను. ఒక దినము మధ్యాహ్నము అన్నమువేళకు చెప్పకుండ వెళ్లి చూడుడి. మరుగుదొడ్డి చూడుడి, రాత్రి ఎవరుందురో అడుగుడి, అక్కడివారితో యజమాని వినకుండ మాటలాడుడి. తరువాత ఒక నెల ఉండి చూడనియ్యుడి. ఆ నెల దినములు ఇంటికి వేసిన తాళపుచెవి ఆమె కొంగు ముడిలోనే ఉండవలెను. ఇల్లు అమ్మి, మేకలను అమ్మి, మంచమును పొరుగువారికిచ్చి, ఆ తరువాత "నచ్చకపోతే వచ్చెయ్యమ్మా" అని చెప్పుట పరిహాసము. తిరిగివచ్చు దారి ఉన్నవాడే నిజముగా వెళ్లినవాడు.

వృద్ధాశ్రమమను మాట చెవిని పడగానే అందరును చెడ్డ స్థలమునే తలంచుచున్నారు. అట్లు తలంపనక్కరలేదు. 1839లో ఫ్రాన్సు దేశములో జాన్ జుగాన్ అను పేద స్త్రీ చూపులేని ఒక ముసలామెను తన గదికి తెచ్చి తన పడకనే ఆమెకిచ్చెను. ఆ చిన్న పనినుండి పేదల చిన్న సహోదరీలను రోమను కతోలికుల సమాజము పుట్టెను. వారు 1882లో కలకత్తాకు వచ్చిరి. సికింద్రాబాదులోను వారి వృద్ధుల గృహము కలదు. అమెరికాలో జె. సి. పెన్నీ అను వర్తకుడు దుకాణములతో ధనవంతుడాయెను. అతని తండ్రి జీతములేకయే వాక్యము చెప్పుచు సేద్యము చేసికొని బ్రదికిన బాప్టిస్టు బోధకుడు. పనినుండి విరమించిన బోధకులకు తల దాచుకొను చోటులేదని చూచి, పెన్నీ తన తలిదండ్రుల జ్ఞాపకార్థముగా 1926లో ఫ్లోరిడాలో ఒక వృద్ధుల గ్రామమును స్థాపించెను. తరువాత వచ్చిన ఆర్థికమాంద్యములో అతని ధనము పోయినను ఆ గ్రామము నిలిచినది.

అంత దూరము పోనక్కరలేదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన నెల్లూరు తీరమును, తమిళనాడు తీరమును కొట్టినది. ఆ తరువాత కడలూరు జిల్లాలో హెల్పేజ్ ఇండియావారు దిక్కులేని వృద్ధులకొరకు తామరైకుళము అను గ్రామమునే కట్టిరి. మన తీరమే క్రిందికి పోగా అక్కడికి చేరును. అట్టిచోటికి చేరిన దిక్కులేని వృద్ధుడు విసిరివేయబడినవాడు కాడు, చేర్చుకొనబడినవాడు. సిలువయొద్ద ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించెను (యోహాను 19:26, 27). ఆమె అతని కన్నతల్లి కాదు. అయినను ఆ గడియనుండి అతడు ఆమెను తన యింట చేర్చుకొనెను. కన్నబిడ్డల చేతులు మాత్రమే పవిత్రమైన చేతులని మనము చెప్పజాలము.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న వచ్చును. పెద్దలు వద్దన్నప్పుడెల్ల వినవలెనా? తల్లికి జ్ఞాపకశక్తి పోయి, పొయ్యి వెలిగించి మరచిపోవుచున్నది. రాత్రివేళ బకింగ్‌హాము కాలువవైపు నడచిపోవుచున్నది. అప్పుడును తాళపుచెవి ఆమె కొంగుననే ఉండవలెనా? ఉండరాదు. నీవు ముసలివాడవైనప్పుడు వేరొకడు నిన్ను నీకిష్టముకాని చోటికి మోసికొనిపోవునని ప్రభువు పేతురుతో చెప్పెను (యోహాను 21:18). ఆ దినము మనలో అనేకులకు వచ్చును. అప్పుడు పిల్లలే నిర్ణయింపవలెను. అయితే ఆమె మనస్సు బాగుగా ఉన్న కాలములో ఏమి కోరినదో తెలిసినవారే ఆ నిర్ణయమును సరిగా చేయగలరు. ఎక్కడ ఉండగోరుదువు, ఎవరిచేతి అన్నము తినగోరుదువు, ఎక్కడ పాతిపెట్టవలెను అని ఇప్పుడే అడిగి వ్రాసియుంచుకొనుడి. యాకోబు అడుగకముందే చెప్పెను గదా.

మనస్సు నిలుకడగా ఉండి, అపాయము తెలిసియుండియు "నేను ఇక్కడనే ఉందును" అని చెప్పువారి సంగతి వేరు. ఆ అపాయము వారిది. దానిని భరించుటకు వారికి హక్కున్నది. మనకు చేతనైనంత దానిని తగ్గించుట మన పని. 1984 నవంబరులో శ్రీహరికోటయొద్ద, 1989 నవంబరులో కావలియొద్ద తుఫాను తీరము దాటినది పెద్దలకు జ్ఞాపకమే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కదలమని మొండిపట్టు పట్టువారు ఒంటరి వృద్ధులే. ఆ రాత్రి ఎవరు ఎవరిని ఎత్తుకొని చర్చి మేడమీదికో, తుఫాను షెల్టరుకో చేర్పవలెనో అక్టోబరు నెలకు ముందే పేర్లు వ్రాసి పెట్టుకొన్న సంఘము ఆ వృద్ధుల "వద్దు"ను నిజముగా గౌరవించిన సంఘము.

మరియొక మాట చెప్పక తీరదు. బర్జిల్లయి వద్దని చెప్పగలిగెను. అతడు మిక్కిలి ధనవంతుడు. పూరియింట ఒంటరిగానున్న విధవరాలికి ఆ స్వాతంత్ర్యము ఎక్కడిది? గిన్నెలో అన్నము లేనివారిని "నీ ఇష్టమేమి?" అని అడుగుట వట్టి మాట. మన రాష్ట్రములో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలైనది. అది గడపవద్దకు వచ్చుచున్నది. గొప్ప సహాయమే. కాని మోకాళ్లు కదలనివారికి బియ్యము వండిపెట్టుటకు, ఆసుపత్రికి వెంటబోవుటకు నోటు లేచి నడువదు. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో వరుస చెప్పెను: మొదట పిల్లలును మనుమలును తమ ఇంటివారికి ప్రత్యుపకారము చేయవలెను, నిజముగా దిక్కులేనివారిని సంఘము చూడవలెను. 60 ఏండ్లకు తక్కువకాని విధవరాండ్ర పేర్లు లెక్కలో చేర్చుకొనుటను గూర్చి అక్కడనే వ్రాసెను. మన సంఘములలో చందాలు ఇచ్చినవారి పట్టికయున్నది. ఒంటరిగా వండుకొను వృద్ధుల పట్టికయున్నదా?

చట్టము సంగతియు పెద్దలు తెలిసికొనవలెను. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో చేయబడినది. 60 ఏండ్లు నిండి, తన సంపాదనతో, ఆస్తితో బ్రదుకలేని తండ్రిగాని తల్లిగాని ఆర్.డి.ఓ. స్థాయి అధికారి నడుపు ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ చట్టము ప్రకారము నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పింపవచ్చును. బిడ్డలు లేనివారికి వారి ఆస్తి పొందబోవు బంధువులు బాధ్యులు. జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వము ఏర్పరచవచ్చునని అందులో ఉన్నది. తలిదండ్రులు ఇల్లుగాని పొలముగాని పిల్లలకు దానముగా వ్రాసియిచ్చునప్పుడు, నన్ను పోషింపవలెనను షరతు పత్రములో వ్రాయించుకొనిన మేలు. పోషింపనియెడల ఆ దానమును రద్దుచేయుటకు ఆ చట్టములో దారి కలదు, ఆ షరతు ఉండుట ముఖ్యమని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. సలహా కావలసినవారు 14567 అను నంబరుకు ఫోను చేయవచ్చును. అది వృద్ధుల సహాయమునకు ప్రభుత్వము పెట్టిన ఎల్డర్ లైను. ఆశ్రమమునకు పోదలచినవారు తమ పింఛను, రేషను ఏమగునో ముందుగానే అధికారులను అడిగి తెలిసికొనుట మంచిది.

అయితే చట్టము అన్నము ఇప్పించును, ముఖము చూపింపజాలదు. ఇక్కడ సంఘము పని మొదలగును. మన సభ్యురాలు ఆశ్రమమునకు పోయినప్పుడు సంఘపు రిజిష్టరులో ఆమె పేరును కొట్టివేయకుడి. ఆమె కూర్చుండు చాపమీది చోటును జ్ఞాపకముంచుకొనుడి. సంస్కారము ఇచ్చు నెలలో ఆమె యొద్దకు ఒకరిని పంపుడి. పంట పండుగనాడు, క్రిస్మసునాడు ఆమెను తీసికొనివచ్చుటకు ఒక ఆటో బాడుగ సంఘమునకు బరువు కాదు. సమాధుల తోటలో ఆమె భర్త ప్రక్కనున్న స్థలము ఆమెదేయని పెద్దలు వ్రాసి చేతికియ్యుడి. యాకోబు ఐగుప్తులో నెమ్మదిగా నిదురించుటకు అట్టి మాట ఒకటి చాలెను.

ఆమెను గూర్చి బావివద్ద, రచ్చబండవద్ద చెప్పుకొను మాటలను కూడ మానవలెను. "పాపము, బిడ్డలు తరిమేసినారంట" అను మాటకు భయపడి, పోగోరిన తల్లులు పోలేక, రాత్రులు ఒంటరిగా జ్వరముతో పడియున్నారు. అదే మాటకు భయపడి, తల్లిని ఇంటనుంచుకొని ఆమెతో మాట్లాడని కొడుకులున్నారు. ఊరి నాలుక ఎవరికిని ఒక పూట అన్నము వండిపెట్టలేదు. దానికి ఈ విషయములో ఓటు లేదు.

కాబట్టి, యౌవనస్థులారా, ఈ నెలలో ఇంటికి వచ్చినప్పుడు మీ తల్లిని ప్రశ్న అడిగి, "మీ ఇష్టం" అను మాట దాటి ఆమె జవాబు చెప్పువరకు ఆమె ప్రక్కన కూర్చుండుడి. ఆమె నిలుచుదునన్నయెడల దావీదువలె దీవించి, నెలనెల చేయవలసినది చేయుడి. వెళ్లుదునన్నయెడల యోసేపువలె బండి పంపి, ఎదురేగి, ఆమె అడిగిన ప్రమాణమును నిలువబెట్టుకొనుడి. పెద్దలారా, మీ మనస్సులోని మాట నోట చెప్పుడి. మీరు చెప్పనిది మీ పిల్లలు తప్పుగా ఊహింతురు. నిలిచినయెడల బిడ్డలను విడిచిపెట్టుడి. వెళ్లినయెడల తలవంచుకొని వెళ్లకుడి. సంఘపు పెద్దలారా, ఆ పట్టికను ఈ నెల కమిటీలోనే వ్రాయుడి. 60 దాటి ఒంటరిగా వండుకొనువారి పేర్లు ఎన్ని ఉన్నవో లెక్కించి, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక్కొక్క ఇంటిని వ్రాయుడి. తల్లి గర్భమునుండి మనలను ఎత్తుకొన్న దేవుడు తల నెరయువరకును ఎత్తుకొందునని యెషయా ద్వారా వాగ్దానము చేసెను (46:3, 4). ఆయన ఎత్తుకొనుటకు ఈ తీరములో వాడుకొను చేతులు మనవే.